బండి నెత్తిన గవాక్షం

గోడకు కిటికీ వుంటే అది భాగ్యం, కప్పుకు కన్నం వుంటే అది దరిద్రం. మనకు తరతరాలుగా వున్న లెక్క యిది. ఇల్లు చూడవచ్చిన చుట్టం ముందు కిటికీలు లెక్కపెడతాడు. తరువాత తల పైకెత్తి ఎక్కడైనా ఆకాశం కనిపిస్తున్నదా అని చూస్తాడు. కనిపించిందంటే ఆ యింటికి పిల్లనివ్వడానికి వెనకాడతాడు. కాని వేడిగాలికి మన మర్యాదలతో పనిలేదు. అది తేలిక గనక పైకి పోతుంది. పైన దారి వుంటే బయటపడుతుంది. లేకపోతే కప్పుకిందనే చేరి మన నెత్తిమీద కూర్చుంటుంది. గోడకు నాలుగు కాదు, పది కిటికీలు పెట్టించినా అవి దానికి దిగువనే వుంటాయి.

ఈ సంగతి మన పెద్దలకు తెలియకపోలేదు. రాయలసీమ మట్టిమిద్దెల్లో వంటింటి కప్పుకు గుండ్రని రంధ్రం ఒకటి వదిలేవారు. పొయ్యిపొగ పోవడానికీ, వెలుతురు దిగడానికీ, వేడి తప్పుకోవడానికీ అన్నిటికీ అదే. వాన వస్తే మిద్దె యెక్కి దానిమీద ఒక బండనో, కుండనో బోర్లించేవారు. దానిని గవాక్షి అనీ, గవాచి అనీ అంటారు. గవాక్షమంటే ఆవు కన్ను. గో, అక్షము కలిస్తే గవాక్షమెలా అయిందని పాణిని ఒక సూత్రం చేసి, ఆ సందర్భంలో స్ఫోటాయనుడనే పూర్వాచార్యుని పేరు చెప్పాడు. అష్టాధ్యాయి మొత్తంలో ఆ మహానుభావుడి పేరు వచ్చే చోటు యిదొక్కటే. తరగతిలో స్ఫోటాయనుడి పేరెత్తితే పిల్లలకు ఆవులింతలు వస్తాయి. మిద్దెమీద బోర్లించిన కుండ సంగతి ఎత్తితే మాత్రం చెవులు నిక్కిస్తారు. నేను కొన్నేళ్ళుగా కుండతోనే మొదలుపెడుతున్నాను.

కృష్ణాజిల్లా అనగానే కాలవలూ, కొబ్బరిచెట్లూ, వరిచేలూ కళ్ళకు కట్టేవారు ఒక్క వేసవి నందిగామకో, జగ్గయ్యపేటకో రావాలి. ఇది మెట్ట. పత్తి, మిరప పండే నేల. 2022 ఏప్రిల్‌లో యీ రెండు ఊళ్ళూ కొత్తగా వచ్చిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి గాని, జిల్లా పేరు మారినంత మాత్రాన యెండ మారదు గదా! మేనెలలో వాతావరణశాఖవారి పట్టికలో నందిగామ పేరు పైవరసలో కనిపించడం మాకు అలవాటే. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి. ఆ రాయిని నమ్ముకుని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆ సిమెంటుతో అందరికీ స్లాబులు వచ్చాయి. పగలల్లా కాగిన స్లాబు రాత్రి పదింటిదాకా లోపలికి వేడి దింపుతూనే వుంటుంది. గవాచి అన్న మాట చెబితే యిక్కడి కుర్రకారు ఏదో మందుపేరు అనుకుంటున్నారు.

అటువంటి ఊళ్ళో మా బావగారు ఒక బండి కొన్నారు.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళు తిరిగినవారే. విశ్రాంతి తీసుకోగానే యింటిపట్టున కూర్చోవలసిన మనిషి, హైదరాబాదులో వేలం వేస్తుంటే చూసి, జీపు వెనక తగిలించుకుని లాగే పాత ఇంటిబండి ఒకటి పాడుకుని వచ్చారు. ఒంటి ఇరుసు, రెండు చక్రాలు. కర్రచట్రం మీద అల్యూమినియం రేకు. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, మడతబల్ల. ఎవరు కట్టారో చెప్పే పలక అరిగిపోయింది గాని, అరవై యేళ్ళ పైమాటేనని చూసినవాళ్ళంతా అన్నారు. సినిమావాళ్ళ పుణ్యమా అని యిప్పుడు పసిపిల్లలు కూడా దీనిని క్యారవాన్ అంటారు. మనకు బిడారు అనే చక్కని మాట వుంది. సరుకులు వేసుకుని గుంపుగా దేశాలు తిరిగే వర్తకుల సమూహానికి ఆ పేరు. ఒక్క బండిని బిడారు అనడం వ్యాకరణానికి ఒప్పకపోవచ్చు. బావగారు మాత్రం ఆ మాట నానుంచి పట్టుకుని బండి వెనక తెల్లరంగుతో రాయించేశారు.

ఇటువంటి బండ్లకు పుట్టినిల్లు పాశ్చాత్య దేశాలే. అమెరికాలో వాలీ బ్యామ్ అనే ఆయన 1930లలో ఎయిర్‌స్ట్రీమ్ అనే పేరుతో, విమానాలకు కొట్టినట్టు రివెట్లు కొట్టి, మెరిసే అల్యూమినియం బండ్లు కట్టడం మొదలుపెట్టాడు. ఊరికే కట్టి అమ్మి వూరుకోలేదు. 1959లో ఆ బండ్లవాళ్ళను వెంటబెట్టుకుని ఆఫ్రికా దక్షిణపు కొసన కేప్‌టౌనులో బయలుదేరి కైరోకు నడిపించాడు. ఆయన పోయిన తరువాత 1963-64లో మరొక గుంపు సింగపూరులో బయలుదేరి, మన దేశం మీదుగా, అఫ్గానిస్తాను మీదుగా ఐరోపాకు వెళ్ళింది. నిజమైన బిడారంటే అదీ. మెరిసే అల్యూమినియానికి ఒక గుణం, ఒక దోషం వున్నాయి. ఎండను చాలావరకు తిప్పికొడుతుంది; తాను తాగిన కాస్త వేడినీ మాత్రం ఆకాశానికి తేలికగా వదలదు. తెల్లసున్నం కొట్టిన కప్పు రెండు పనులూ చేస్తుంది. అందుకని బండి నెత్తికి తెల్లరంగు వేయించమని నేను సలహా యిచ్చాను. పాతవస్తువు అందం చెడుతుందని బావగారు ముఖం ముడుచుకున్నారు.

ఇక అసలు విషయం. కిందటేడు శ్రీరామనవమికి బావగారూ, మా అక్కయ్యా ఆ బండి వేసుకుని భద్రాచలం వెళ్ళారు. కల్యాణం చూశారు. తలంబ్రాలు తెచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం ఒంటిగంటవేళ, చెట్టూ చేమా లేని చోట బండి ఆపుకోవలసి వచ్చింది. బావగారు జీపు చక్రం సంగతి చూసుకుంటున్నారు. అక్కయ్య కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. అరగంట తరువాత ఆయన పిలిస్తే పలకలేదు. తలుపు తీస్తే పొయ్యిమూత తీసినట్టు వేడి ముఖాన కొట్టిందట. ఆమె తెలివి తప్పి వుంది. బయటికి తెచ్చి, నీడకోసం జీపుకింద పడుకోబెట్టి, తడిగుడ్డలు కప్పి, నీళ్ళు చల్లి, దారినపోయే లారీవాళ్ళ సాయంతో ఆసుపత్రికి చేర్చారు. రెండు రోజులకు కోలుకుంది. వడదెబ్బ మన ప్రాంతంలో మాటవరస కాదు. 2015 మేనెల వడగాడ్పులకు దేశం మొత్తంమీద రెండువేలమందికి పైగా చనిపోతే, అందులో చాలా హెచ్చుభాగం ఆంధ్ర, తెలంగాణలవారే.

ఆ తరువాత బండి దొడ్లో పడివుంది. అక్కయ్య దానివంక చూసేది కాదు. బావగారు అమ్మేస్తానన్నారు. "అమ్మకండి. నేను ఎక్కను, అంతే" అంది. ఆ మాట ఆయనకు అమ్మడంకంటే కష్టంగా తోచింది. కార్తికంలో కాశీ వెళ్దామని యిద్దరూ ముప్ఫై యేళ్ళుగా అనుకుంటున్నారు మరి.

ఏ.సి. పెట్టించరాదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. ఏ.సి.కి ఇంట్లోవంటి కరెంటు కావాలి, అంటే వెంట జనరేటరు మోసుకుపోవాలి. రాత్రల్లా ఆ మోత. పైగా అక్కయ్యకు ఉబ్బసం. తలుపులు బిగించిన చల్లగదిలో ఆమెకు నిద్రపట్టదు. ఆ దారి మూసుకున్నాక మిగిలినది కప్పుకు చిల్లు.

హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డులో ఒక మేస్త్రీ వున్నాడు. ఆయన బండిని చుట్టూ తిరిగి చూసి, "మిల్లుల మీద తిరుగుతాయే గుమ్మడికాయలు, అవి పెడితే సరి, కరెంటే అక్కర్లేదు బాబుగారూ" అన్నాడు. పత్తిమిల్లుల మీద, గోడౌన్ల మీద వెండిగుమ్మడికాయల్లా గిరగిర తిరిగేవి మీరు చూసే వుంటారు. గాలి తగిలితే రెక్కలు తిరిగి లోపలి వేడిని పైకి లాగుతాయి. ఈ జాతికే చెందిన ఒకదానిని బండ్ల నెత్తికి ఎక్కించిన పెద్దమనిషి ఆంటన్ ఫ్లెట్నర్ అనే జర్మను ఇంజనీరు. తెరచాపలకు బదులు నిలువుగా తిరిగే పెద్ద పీపాలు నిలబెట్టి ఓడను నడిపించినవాడు ఆయనే. ఆ ఓడ 1926లో అట్లాంటిక్ దాటింది. ఫిన్లండువాడైన సవోనియస్ కనిపెట్టిన తిరుగుడు రెక్కను పట్టుకుని ఆయన చేసిన చిన్న గాలిమర వ్యానుల మీదికీ, బస్సుల మీదికీ ఎక్కింది. ఇప్పటికీ ఆయన పేరుతోనే అమ్ముతున్నారు. బండి నడుస్తున్నంతసేపూ దానికి తిరుగులేదు. కాని మనకు కావలసినది బండి ఆగినప్పుడు. ఉక్కపోసే రాత్రి ఆకు కదలదు. ఆకు కదలకపోతే గుమ్మడికాయా కదలదు. మిల్లు కప్పు ముప్ఫై అడుగుల ఎత్తున వుంటుంది గనక కిందికీ పైకీ వున్న తేడాతోనే గాలి కొంత లేస్తుంది. ఆరడుగుల బండిలో ఆ తేడా ఏపాటి? మన పాత పెరంబూరు రైలుపెట్టెల కప్పుమీద వరసగా వుండే గాలిగూళ్ళ సంగతీ యింతే: రైలు ఆగితే వాటి పని ఆగుతుంది.

కనుక మోటారు వున్న ఫ్యానే కావాలని తేలింది. అమెరికావారి బండ్లకు కప్పుకన్నం 14 అంగుళాల చదరం. మూతలు, దోమజాలీలు, ఫ్యానులు అన్నీ ఆ కొలతకే చేస్తారు. అక్కడ వున్న మా మేనల్లుడు సంక్రాంతికి వస్తూ రెండింటిని సూటుకేసులో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ అమ్మకు చీర తేలేదు, ఫ్యానులు తెచ్చాడు. 12 వోల్టుల మీద నడిచేవి. లారీ బ్యాటరీ చాలు. వాటిని బిగించే ముందు బావగారు ఒక పని చేశారు, చేయవలసిన పనే. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండికి మార్పులు చేయడం గురించినది. ఆ చట్టం లెక్కలో లాగుడుబండి కూడా మోటారు వాహనమే. రవాణాశాఖ కచేరీకి వెళ్ళి, కప్పుకు రెండు కన్నాలు పెట్టించుకుంటున్నానని ముందుగా కాగితం పెట్టుకుని వచ్చారు.

ఏప్రిల్‌లో రెండు ఆదివారాలు పని జరిగింది. నందిగామనుంచి బస్సెక్కి నేనూ వెళ్ళి కూర్చున్నాను.

పాత బండికి వంటగట్టు పైన చిన్న మూత ఒకటి వుండనే వుంది. ఇత్తడి మర తిప్పితే జానెడు లేస్తుంది. ఫ్యాను లేదు. ఆ చోటనే ఒకటీ, పడకమీద కొత్తగా ఒకటీ పెట్టాలని నిర్ణయం. మేస్త్రీ లోపలికి వెళ్ళి వేలికణుపుతో కప్పును అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. రేకు వెనక వాసం వున్నచోట గట్టి చప్పుడు, లేనిచోట బోలు చప్పుడు. పాత మూత దగ్గర మాత్రం మూడో రకం చప్పుడు వచ్చింది, తడి అట్ట తట్టినట్టు. లోపలి పలక విప్పితే, మూత అంచునుంచి ఏళ్ళతరబడి దిగిన నీటికి వాసం మూరెడు మేర పొట్టుపొట్టయి వుంది. రేకు మీద దిగిన నీళ్ళు కనిపించవు, కర్ర తాగేస్తుంది. కుళ్ళిన మేర కోసేసి, మంచి కర్ర అంటే ఏటవాలుగా చెక్కిన టేకుముక్కను అతికి, మరలు బిగించడానికే మొదటి ఆదివారమంతా పట్టింది.

చిల్లు ఎప్పుడూ రెండు వాసాల నడుమ పడాలి. వాసాన్ని కోస్తే కప్పు కుంగుతుంది. ఆ చిల్లుకు నాలుగుపక్కలా టేకు చట్రం వేసి దాన్ని రెండు వాసాలకూ బిగించాలి. అప్పుడు ఫ్యాను బరువు రేకుమీద కాక కర్రమీద పడుతుంది. ఇక కోత. లోపలినుంచి నాలుగు మూలలా సన్నని బెజ్జాలు పైకి వేసి, ఆ బెజ్జాలు చూసుకుని పైనుంచి గీత గీశాడు. కప్పు మనిషి బరువు ఆపదు గనక రెండు గుర్రపుబల్లలమీద పలక పరచి, దానిమీద బోర్లా పడుకుని కోశాడు. "కోసిన రేకు మళ్ళీ మొలవదు మాష్టారూ, మీరూ ఒకసారి కొలవండి" అని నాచేత కూడా కొలిపించాడు. కోత అయ్యాక రేకురజను అంతా మెత్తటి చీపురుతో ఊడ్చి, గుడ్డతో తుడిచి, ఇనుపముక్క ఒకటి కూడా మిగలకుండా చూశాడు. అల్యూమినియం మీద ఇనుము, తడి కలిస్తే రేకు తినుకుపోతుంది. అందుకే మరలు కూడా తుప్పుపట్టని ఉక్కువి, కింద రబ్బరు వాషర్లు.

ఆ షెడ్డులో కూర్చుని వుండగా నా కళ్ళు మాటిమాటికీ ఊరిపక్క గుట్టవైపు పోతుండేవి. అదే ధనంబోడు. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపం అక్కడిదే. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనాసంవత్సరంలో ఆ స్తూపానికి తూర్పువాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడు రాజు కాదు, సెట్టి కాదు, సిద్ధార్థుడనే పనివాడు. తాను ఏ ఊరివాడో, ఎవరి కొడుకో ప్రాకృతంలో చక్కగా చెక్కించుకున్నాడు. పదిహేడువందల యేళ్ళుగా చదువుతున్నాం. మా మేస్త్రీ తన పేరు ఎక్కడా రాసుకోడు. అడిగితే నవ్వి, "కారకపోతే అదే పేరు" అన్నాడు.

కప్పు ఒంపుగా వుంటుంది, ఫ్యాను పీట చదునుగా వుంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడానికి కింద సన్నని కర్రపీట ఒకటి చిత్రిక పట్టి, రసమట్టం పెట్టి సరిచూశారు. పీట కప్పుకంటే కాస్త ఎత్తుగా వుండాలి, నీరు దాని అంచున నిలవకుండా చుట్టూ జారిపోవాలి. పీటకూ రేకుకూ నడుమ జిగురుపట్టీ. మరలు బిగిస్తుంటే ఆ జిగురు నాలుగుపక్కలా పొంగి రావాలి. పొంగలేదంటే అక్కడ సందు వున్నట్టే. మూతకు బందు ముందువైపు వుండాలి, నోరు వెనక్కి తెరుచుకోవాలి. అటుదిటైతే బండి పరుగున వున్నప్పుడు ఎదురుగాలి మూతను పీకి పారేస్తుంది.

బిగించిన తరువాత మూతలు వేసి, లోపల పాత వార్తాపత్రికలు పరచి, పైన పది బిందెల నీళ్ళు కుమ్మరించారు. కాగితం మీద ఒక్క చుక్క పడినా మచ్చ తెలుస్తుంది. పడలేదు. ఈ పరీక్ష చాదస్తం కాదు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగినప్పుడు బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అటువంటి రాత్రి కారే కప్పుకింద కూర్చోవడం కంటే చెట్టుకింద నయం.

కరెంటు పని సులువు. రెండు తీగెలూ బ్యాటరీనుంచి తిన్నగా తెచ్చారు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టారు. ఈ ఫ్యానుకు ఒక విద్య వుంది: తీగెలు అటూ ఇటూ మార్చితే వెనక్కి తిరుగుతుంది. మీట ఒకవైపు నొక్కితే గాలి బయటికి, మరొకవైపు నొక్కితే లోపలికి.

అసలు పాఠం ఆ తరువాత జరిగింది. బండిలోపల 12 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. అంటే 432 ఘనపుటడుగుల గాలి. ఫ్యాను నిమిషానికి 400 ఘనపుటడుగులు లాగుతుందని పెట్టెమీద వేశారు. జాలీలూ, వంపులూ అడ్డుపడి సగమే లాగుతుందనుకున్నా రెండు నిమిషాలకొకసారి బండిలో గాలి అంతా మారిపోవాలి. లెక్క ప్రకారం బాగానే వుంది. తీరా అన్ని కిటికీలూ బార్లా తీసి వంటగట్టు ఫ్యాను వేస్తే, పడకమీద ఆకు కదలలేదు. బావగారు ఫ్యాను మంచిది కాదన్నారు. అక్కయ్య అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్నదల్లా, లోపలికి వెళ్ళి సాంబ్రాణి ధూపం వేసుకువచ్చింది. పొగ పడకమీద బద్ధకంగా తేలుతున్నది. అదే ధూపం వంటకిటికీ దగ్గర పెట్టగానే తాడులాగినట్టు పైకి పోయింది. "పక్కకిటికీ గాలే తాగుతున్నదిరా తమ్ముడూ, దీనికి ఇంతదూరం రావలసిన అవసరమేమిటి?" అన్నది. వంటకిటికీ మూసి, పడక తలాపున వున్న నీడవైపు చిన్నకిటికీ ఒక్కటీ తెరిచి పెడితే, పొగ పడకమీదుగా బారుగా సాగి, బండి పొడవునా నడిచి, ఫ్యాను నోట్లో పడింది. ఆవిడ ఫిజిక్సు చదవలేదు. దేవుడిగది వున్న ఇల్లాలికి పొగ నడక తెలుసు.

కనుక ఫ్యాను పక్క కిటికీ మూయండి, దూరపు కిటికీ తెరవండి, అదీ నీడవైపుది తెరవండి. కిటికీ కన్నం ఇంచుమించు కప్పుకన్నం అంతే వుంటే గాలికి వేగం వుంటుంది. ఇంటి వంటగదిలో ఎగ్జాస్టు ఫ్యాను వున్నవారికీ ఇదే వర్తిస్తుంది. రాత్రిపూట, బయట చల్లబడ్డాక, పడకమీది ఫ్యాను గాలిని లోపలికి తోసేటట్టు, వంటగట్టుది బయటికి లాగేటట్టు పెట్టుకుంటే రెండూ కలిసి పనిచేస్తాయి.

పగటివేళ మాత్రం దీని హద్దు దీనికి వుంది. ఆ మధ్యాహ్నం మూడింటికి బయట 41 డిగ్రీలు, మూసివున్న బండిలో తల ఎత్తున 49. ఫ్యాను వేసిన పావుగంటకు లోపల 42కు దిగింది. అంతకంటే దిగదు, ఎలా దిగుతుంది? అది తెచ్చేది బయటి గాలినే గదా! 40 డిగ్రీలు దాటిన గాలిని ఫ్యానుతో వంటికి కొట్టించుకుంటే చల్లబడకపోగా ఒళ్ళు మరింత కాగవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. నాకప్పుడు మా తాతగారింటి వట్టివేళ్ళ తడికలు గుర్తుకు వచ్చాయి. పూర్వం దొరల బంగళాల్లో థర్మాంటిడోటు అనే పెద్ద చెక్కపెట్టె వుండేది. దాని పక్కలకు తడిపిన వట్టివేళ్ళ తడికలు, లోపల పనివాడు చేత్తో తిప్పే రెక్కలు. గాలి తడివేళ్ళలోనుంచి దూరేటప్పుడు నీటిని ఆవిరి చేస్తూ తన వేడిని పోగొట్టుకుంటుంది. మచిలీపట్నంలో ఇది అంతగా పనిచేయదు, సముద్రపు గాలిలో తేమ ముందే నిండివుంటుంది. మా మెట్టగాలి పొడిది. ఎండే మనకు ఇచ్చిన వరమన్నమాట! బజారునుంచి వట్టివేళ్ళు తెచ్చి, తలాపు కిటికీకి తడిక కట్టి, చెంబుతో తడిపి, కప్పు ఫ్యాను వేశాం. అరగంటకు పడకదగ్గర 36. వాసన సంగతి చెప్పనక్కరలేదు.

మరి రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. కిటికీలన్నీ బిగించి కప్పు ఫ్యాను వేసి పొయ్యి వెలిగించకూడదు. ఫ్యానుకు గాలి కావాలి, దొరక్కపోతే ఏ సందునుంచైనా లాగుతుంది, పక్కన నడుస్తున్న ఇంజను పొగనైనా సరే. కుంపటి అయితే అసలే వద్దు. ఫ్యాను వుంది గదా అని ఎండలో ఆపిన బండిలో చంటిపిల్లల్ని గాని, ముసలివాళ్ళను గాని వదిలి వెళ్ళకూడదు. ఫ్యూజు పోవడానికి మన అనుమతి అక్కర్లేదు.

వైశాఖంలో నరసింహజయంతికి బండి వేదాద్రి వెళ్ళింది. జగ్గయ్యపేటకు దగ్గరే, కృష్ణ ఒడ్డున. దూరం పోయే ముందు దగ్గర్లో చూసుకుందామని బావగారి ఆలోచన. అక్కయ్య తలుపు దగ్గర కొంతసేపు నిలబడింది. ముందు తడిక తడిపించింది, ఫ్యాను వేయించింది, లోపలికి చెయ్యి పెట్టి చూసుకుంది, అప్పుడు ఎక్కింది. తలుపు మాత్రం మూయనివ్వలేదు. రాత్రి తొమ్మిదింటికి రెండు ఫ్యానులూ నెమ్మదిమీద పెట్టి పడుకున్నారు. రెండుగంటలవేళ నదిమీదినుంచి గాలి తిరిగింది. బావగారు లేచి ఫ్యానులు ఆపబోతే, "అవి వుండనివ్వండి, ఆ దుప్పటి ఇటు పడేయండి" అందట. ఆయన మాట వినకుండా ఆపేసి, బ్యాటరీ చూసుకున్నారు. అయిదుగంటల్లో నూటికి పదిహేను పాళ్ళు ఖర్చయింది. కాశీకి బ్యాటరీ ఒకటి చాలునా, రెండు కావాలా అని మరునాడు నాకు ఫోను చేశారు. పైన సూర్యపలక ఒకటి వేయించమన్నాను. దానికి మరో నాలుగు బెజ్జాలు వేయాలి. మేస్త్రీ ఆషాఢం వెళ్ళాక రమ్మన్నాడు.